మోంటానా మంచుకొండ కింద నలుగురు

మంచుకొండ ఎక్కుతూ సగం దారిలో ఒక మనిషి బండి కూరుకుపోతే, అతనితో వచ్చిన నలుగురు కింద కూర్చుని చూశారు. ఒక్కరూ కదల్లేదు. నేను కదిలితే నన్నూ ఆపారు. ఇది తప్పు. మోంటానా రాష్ట్రంలో, పట్టపగలు, నా కళ్ళ ముందు జరిగింది. ఆ కూరుకుపోయిన బండి మీద ఉన్నవాడు మా అల్లుడు.

ఎవరు, ఎందుకు, ఎలా అన్నది మొదటినుంచీ చెబుతాను. ఆ దారిన వెళ్ళదలచినవాళ్ళకి పనికొస్తుందని రైళ్ళ సంగతీ, తిండి సంగతీ కూడా చెబుతాను.

నేను రాజమండ్రిలో లారీ నడిపి బతికినవాణ్ణి. బడి అయిదో క్లాసుతో సరి. ఆ తరవాత చదువంతా లారీ కేబిన్‌లోనే. ఇంగ్లీషు పేపరు ఒక మోకాలి మీద, డిక్షనరీ ఇంకో మోకాలి మీద. మా అమ్మాయి సుజాత, అల్లుడు రవి మిచిగన్‌లో నోవై అనే ఊళ్ళో ఉంటారు. ఇద్దరూ కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు. ఈ చలికాలం నేను వాళ్ళ దగ్గరే ఉన్నాను.

రవికి స్నోమొబైల్ పిచ్చి. మంచు మీద నడిచే మోటారు బండి అది. ముందు రెండు స్కీలు, వెనక చక్రాలకి బదులు పళ్ళున్న రబ్బరు బెల్టు. కరీంనగర్ నుంచి వచ్చిన కిషోర్ అనే స్నేహితుడితో కలిసి ఏటా మిచిగన్ అడవుల్లో తిరుగుతాడు. అక్కడ నేల చదును కాబట్టి సుజాత ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. ఈ ఏడు వీళ్ళకి కొండల మీద మనసు పడింది. కొండల్లో మంచుచరియలు విరిగిపడతాయి, బళ్ళతో సహా మనుషుల్ని కప్పేస్తాయి. దాని మీద ఇంట్లో వారం రోజులు గొడవ.

"ముందు సేఫ్టీ క్లాస్ తీసుకుంటాం సుజీ. ఒక రోజు రూమ్‌లో, ఒక రోజు మంచులో. నేర్చుకున్నాకే రైడ్ చేస్తాం," అని రవి.

"క్లాస్‌లో నువ్వు ఏం నేర్చుకుంటావో నాకు తెలుసు. నాన్నని తీసుకెళ్ళు. ఘాట్ రోడ్డు మీద బతికిన మనిషి. నాన్న చూసి సరే అంటే ఏటా వెళ్ళు, నేను నోరెత్తను. వద్దంటే బండి అమ్మెయ్యాలి," అంది సుజాత.

అల్లుడు నా వైపు చూశాడు. నేను కాఫీ గ్లాసు వైపు చూశాను. అలా ఆ తీర్పు నా నెత్తిన పడింది.

రవి, కిషోర్ ట్రక్కు వెనక ట్రైలర్ మీద బళ్ళు కట్టుకుని ఒక రోజు ముందే బయలుదేరారు. రెండు రోజులు ట్రక్కులో కూర్చోవడానికి నా నడుము ఒప్పుకోదు. నేను రైలన్నాను. తెల్లారకముందే సుజాత డియర్‌బోర్న్ స్టేషన్లో దింపింది. ఏడింటి రైలు. మన స్టేషన్లలా కూలీలు, టీ కేకలు ఏమీ ఉండవు. మీ పెట్టె మీరే మోసుకోవాలి. మందులు చేతిసంచిలో ఉంచుకోండి. పదకొండున్నరకి చికాగో చేరాను అనుకున్నాను గానీ, స్టేషన్ గడియారం పదిన్నర చూపించింది. గడియారం ఆగిందని అక్కడి ఉద్యోగికి చెప్పాను. ఆయన నవ్వి, చికాగో మిచిగన్ కంటే గంట వెనక ఉంటుందన్నాడు. ఒకే దేశంలో, ఒకే పగట్లో, ఇదేమి లెక్కో నాకు అర్థం కాలేదు. మోంటానాలో ఇంకో గంట వెనక్కి తిప్పుకోవాలని కూడా చెప్పాడు.

మూడు గంటలకి పడమటి రైలు కదిలింది. సీటు వెడల్పు, కాలు చాపుకోవచ్చు. పులిహోర, చపాతీలు, మాగాయ తెచ్చుకున్నాను కాబట్టి బతికాను. రైలు కింది అంతస్తులో అమ్మే సాండ్‌విచ్ ధర చూసి వెనక్కి పెట్టేశాను. పక్క సీటు కుర్రాయన మాగాయ వాసనకి లేచి పోతాడనుకుంటే, రుచి చూస్తానన్నాడు. చూసి, నీళ్ళ సీసా ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉందా?" అన్నాడు.

తెల్లారి లేచేసరికి నార్త్ డకోటా. కిటికీలోంచి తెలుపు తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నం అదే తెలుపు. రైలు కదులుతోందా లేదా అని ఒకటి రెండు సార్లు అనుమానం వచ్చింది. రాత్రి తొమ్మిదికి వైట్‌ఫిష్ అనే ఊళ్ళో దిగాను. రవి, కిషోర్ ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. మోటెల్ స్టేషన్‌కి దగ్గరే. గదిలో వంటపొయ్యి లేదు, మైక్రోవేవ్ ఉంది. అన్నం అందులోనే అవుతుంది, నీళ్ళు కాస్త ఎక్కువ పొయ్యాలి.

మర్నాడు ఎనిమిదింటికి క్లాసు, ఫైర్ స్టేషన్ వెనక హాల్లో. నేర్పే ఆవిడ పేరు డేనా. నలభై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. విద్యార్థులు నలుగురే: రవి, కిషోర్, మిన్నెసోటా నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు. నేను అయిదోవాణ్ణి, వెనక బెంచీ.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత మేర చెబుతాను. మంచు ఒకే ముద్ద కాదు, పొరలు. కింది పొర పంచదారలా గుల్లగా ఉంటే పై పొర పలకలా జారుతుంది. జారాలంటే వాలు కావాలి. మరీ చదునైతే జారదు, మరీ నిలువైతే మంచు నిలవదు. రెండిటికీ మధ్యనున్న వాలే మనుషుల్ని తింటుంది. బళ్ళవాళ్ళకి సరదా అయినదీ సరిగ్గా ఆ వాలేనట. ఇది దేవుడు చేసిన వెటకారంలా ఉంది.

ప్రతి మనిషి దగ్గరా మూడు వస్తువులుండాలి. గుండె మీద కట్టుకునే బీకన్ అనే చిన్న పెట్టె, మంచు కింద ఉన్నా సంకేతం పంపుతూనే ఉంటుంది. మడతలు విప్పితే బారు కర్రయ్యే ప్రోబ్, మనిషి ఎక్కడున్నాడో గుచ్చి చూడటానికి. ఇంక పార. ఈ మూడూ ఒంటి మీదే ఉండాలి, బండికి కట్టకూడదు; బండి ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు పోతారు కాబట్టి. ఇది సబబుగా ఉంది. డ్రైవర్ లైసెన్సు లారీలో వదిలి దిగకూడదన్నట్టు.

ఆ తరవాత ఆవిడ ఒక మాటంది: "వాలు ఎక్కేటప్పుడు ఒక్కరే. మిగతావాళ్ళు కింద, జారే దారికి పక్కగా ఆగి, అతన్నే చూస్తుండాలి. మీ స్నేహితుడి బండి ఇరుక్కుంటే మీ బండి తీసుకుని వెళ్ళకండి."

నేను కిషోర్ మోచెయ్యి తట్టాను. "ఎందుకట?"

"వెయిట్ అంకుల్. ఒక్క బండి మొయ్యనీకే ఆ మంచుకు కష్టం. రెండోది పోతే మొత్తం కిందికొస్తది. ఇంకోటి ఏంటంటే..."

"బరువు సంగతి నాకు చెప్తావేంటయ్యా," అన్నాను. బరువే కదా నా బతుకంతా. ఆ ఇంకోటి ఏమిటో నేను విననే లేదు.

వైట్‌ఫిష్‌లో మూడో రోజు పొద్దున్నే మంచులోకి. డేనా ఒక పక్క నిలబడి, ఒక్కొక్కరం తన ముందు నుంచి పోతుంటే బీకన్ పనిచేస్తోందో లేదో తన పెట్టెతో చూసింది. అందరిదీ సరిగ్గా చూపించింది. నాది తికమకగా చూపించింది. మళ్ళీ నడిపించింది, మళ్ళీ తికమక.

"మామయ్యగారూ, ఫోన్ ఎక్కడ పెట్టారు?" అన్నాడు రవి.

స్వెటర్, శాలువా, కోటు విప్పాను. చొక్కా జేబులో బీకన్‌కి ఆనుకుని ఫోన్ ఉంది. వెచ్చగా ఉంటుందని పెట్టాను. ఫోన్ దగ్గరుంటే బీకన్ మాట బీకన్‌కి వినపడదట. ఫోను దూరంగా పెట్టుకోండి, వెళ్ళేవాళ్ళకి చెబుతున్నాను.

కిషోర్ ఆ రోజుకి రెండు సీట్ల బండి అద్దెకి తీసుకున్నాడు. అతని వెనక నేను. చదును చేసిన దారి మీద గంట ప్రయాణం, దేవదారు చెట్ల మధ్య. "గట్టిగ పట్టుకోండి అంకుల్, సుజాత ఫోన్ చేస్తే నేను ఆన్సర్ ఇయ్యలేను," అని మలుపు మలుపుకీ అరుస్తున్నాడు. ఇంజన్ బాగుంది. బెల్టు కాస్త వదులుగా ఉందనిపించింది, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

చెట్ల మధ్య ఒక మైదానంలో ఆగాం. ఎదురుగా వాలు. నన్ను ఒక వారగా, చెట్ల కింద కూర్చోబెట్టి, "ఇది మీ చోటు," అంది డేనా. ముందు వెతకడం నేర్పింది. ఒక సంచిలో బీకన్ పెట్టి, మమ్మల్ని అటు తిరగమని, ఎక్కడో లోతుగా పాతిపెట్టింది. శిష్యులు నలుగురూ పెట్టెలు పట్టుకుని పాములాళ్ళలా తిరిగి తిరిగి, చోటు పట్టుకుని, కర్ర గుచ్చారు. తగిలింది. అప్పుడు తవ్వడం మొదలుపెట్టారు.

పైనుంచి నిలువుగా తవ్వుతారనుకున్నాను. కాదు, వాలు దిగువ నుంచి లోపలికి. ఒకడు ముందు మోకాళ్ళ మీద కూర్చుని నరుకుతాడు, వెనక ఇద్దరు ఆ మంచుని తోస్తారు, నాలుగోవాడు ఇంకా వెనక్కి తోస్తాడు. ముందువాడు అలిసిపోగానే వెనక్కి, వెనకవాడు ముందుకి. మేము లారీలోంచి ఇసక దింపేటప్పుడు సరిగ్గా ఇలాగే చేసేవాళ్ళం. నాకు ముచ్చటేసింది. మంచు మెత్తగా ఉంటుందనుకుంటాం గానీ, తొక్కిన మంచు సిమెంటు. సంచి బయటికి వచ్చేసరికి నలుగురూ నడుములు పట్టుకున్నారు. మిన్నెసోటా తమ్ముడు వెల్లకిలా పడిపోయాడు.

"స్లో!" అంది డేనా. "సంచికి ఊపిరి అక్కర్లేదు. మనిషికి కావాలి."

మధ్యాహ్నం చపాతీలు తిన్నాక, డేనా మంచులో గొయ్యి తీసి, పొరలు చూసి, మంచు మీద పార పెట్టి చేత్తో కొట్టి చూసి, ఈ వాలు ఈ రోజుకి ఫరవాలేదు, ఒక్కొక్కరే ఎక్కండి అంది. ముందు అన్నదమ్ములు ఎక్కి దిగారు. మూడోవాడు రవి.

సగం పైకి పోయాక బండి ఎడమకి తిరిగింది. బెల్టు గిర్రున తిరిగి మంచు చిమ్మింది. అంతే, వెనక భాగం సీటుదాకా దిగబడింది. రవి దూకి, బండిని లాగాడు. కదల్లేదు. నడుందాకా మంచు. మా వైపు తిరిగి చెయ్యెత్తి నెత్తిన పెట్టుకున్నాడు.

నలుగురూ చూస్తున్నారు. డేనా తన బండి మీద కూర్చుని చూస్తోంది. కిషోర్ పార చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. రవి ఒక్కడే తవ్వుతున్నాడు. కాసేపు చూశాను. ఇంకాసేపు చూశాను.

"కిషోర్, వెళ్ళవేం?"

"పోవద్దు అంకుల్."

"మీ స్నేహితుడు కాదూ?"

"నా ఫ్రెండ్ కాబట్టే పోతలేను."

ఈ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఒకసారి వానాకాలంలో మారేడుమిల్లి ఘాట్ మీద వెదురు లోడుతో నా లారీ బురదలో దిగబడింది. వెనక ఆగిన బస్సులోంచి పెళ్ళివారు దిగారు. పట్టుపంచెలు పైకి దోపుకుని తోశారు. పెళ్ళికొడుకు కూడా తోశాడు, బాసికం జేబులో పెట్టుకుని. ముహూర్తం పోతుందని ఒక్కరు అనలేదు. నేను వాళ్ళకెవర్ని? ఇక్కడ కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్నవాళ్ళు, పారలు చేతిలో పెట్టుకుని, సినిమా చూసినట్టు చూస్తున్నారు.

చెట్టుకి ఆనించి ఉన్న పార తీసుకుని నడిచాను. బండి తీసుకుని వెళ్ళొద్దంది ఆవిడ. నేను నడిచి వెళుతున్నాను. ఎండుకట్టె లాంటి ముసలివాడి బరువెంత? వాలు మొదట్లోకి వచ్చేశాను. రవి పైనుంచి చేతులు అడ్డంగా ఊపుతున్నాడు. పిలుస్తున్నాడనుకుని అడుగు పెంచాను. వెనక నుంచి ఇంజన్ చప్పుడు. డేనా బండి నా ముందుకు అడ్డంగా వచ్చి ఆగింది. ఆవిడ దిగి నా రెండు భుజాలు పట్టుకుంది.

"సార్. వెనక్కి. ఇప్పుడే."

"అతను మా అల్లుడు!"

"తెలుసు. వెనక్కి."

నా జన్మలో ఒక పోలీసు కూడా నన్ను అలా పట్టుకోలేదు. కిషోర్ పరిగెత్తుకొచ్చి నా చేతిలో పార లాక్కున్నాడు. "రండి అంకుల్, మీకు దండం పెడ్త." నేను తెలుగులో అనవలసినవన్నీ అన్నాను. వాటిని ఇక్కడ రాయను. డేనాకి మాటలు అర్థం కాకపోయినా భావం అర్థమైంది, అయినా తల తిప్పి కొండవైపే చూసింది.

రవి తనే తవ్వుకున్నాడు, తనే బండిని పక్కకి వాల్చి తిప్పుకున్నాడు, తనే దిగాడు. కొండ ఒక్క పలక జారలేదు. పిడికెడు మంచు రాలలేదు. "చూశారా, ఏమైనా అయిందా?" అన్నాను. రవి హెల్మెట్ తీశాడు. మొహం తెల్లగా ఉంది. నాతో ఒక్క మాట మాట్లాడకుండా బండి మీద మంచు దులుపుకున్నాడు. నేను చెయ్యబోయిన సాయం అక్కర్లేదా? నెత్తిన చెయ్యెందుకు పెట్టుకున్నావని కిషోర్ చేత అడిగించాను. నేను బాగానే ఉన్నానని అర్థమట. మన దగ్గర నెత్తిన చెయ్యి ఎప్పుడు పెట్టుకుంటామో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం సుజాత ఫోను. "ఏం నాన్నా, ఎలా ఉంది? సరేనా?"

"ఇంటికొచ్చాక చెప్తాను," అన్నాను. ఎదురు మంచం మీద అల్లుడు వింటున్నాడు, గోడవైపు తిరిగి.

నాలుగో రోజు పొద్దున్న ఏడున్నరకి తూర్పు రైలు. నన్ను ఎక్కించి వాళ్ళు ట్రక్కులో బయలుదేరారు. రవి నా పెట్టె పైన పెట్టి, "జాగ్రత్తండి," అని మాత్రం అన్నాడు. రైలు కదిలాక, మొహం మీద అడగలేనిది ఫోన్లో అడిగాను. రికార్డు చేసి పంపించాను: "బాబూ, వాళ్ళు నీ కోసం ఎందుకు రాలేదు? నేను వస్తే నీకెందుకు కోపం? అమ్మాయికి నేనేం చెప్పాలి?" పంపాక కొండలు అడ్డొచ్చి ఫోన్ మూగబోయింది.

కొండలు దాటాక దారంతా రోడ్డు రైలు పక్కనే నడుస్తుంది. ట్రైలర్ కట్టుకుని పోతున్న ప్రతి ట్రక్కూ మావాళ్ళదేమోనని చూశాను. షెల్బీ అనే ఊళ్ళో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. గోధుమ రైతట. బిస్కెట్లు పెట్టింది, నేను మిగిలిన మాగాయ పెట్టాను. వాసన చూసి జాగ్రత్తగా మూత పెట్టింది. ఉండబట్టలేక జరిగిందంతా చెప్పాను. ఆవిడైనా ఛీ అంటుందనుకున్నాను.

"మా గాదెలో గోధుమలో ఒకడు కూరుకుపోతే రెండోవాణ్ణి దిగనివ్వం. అరిచినా, ఏడ్చినా దిగనివ్వం," అంది.

"ఊరికే చూస్తారా?"

"ఊరికే కాదు. పైన ఉంటాం."

గోధుమ వేరు, మంచు వేరు అన్నాను. అవునంది, ఊలు అల్లిక చేతిలోకి తీసుకుంది. పైన ఉండటం ఒక పనా? నాకు తలా తోకా అందలేదు. రాత్రంతా సీటులో అటూ ఇటూ దొర్లాను. మారేడుమిల్లి మళ్ళీ గుర్తొచ్చింది: పెళ్ళివారు, పట్టుపంచెలు, బురద. దానితోపాటు ఇంకొకటి. లారీ వెనక్కి జారబోతే కేబిన్లోంచి తల బయటపెట్టి, "చక్రాల వెనక ఎవరూ ఉండొద్దు, తప్పుకోండి!" అని గొంతు చించుకుని అరిచింది నేనే. ఇన్నేళ్ళూ తోసినవాళ్ళని తలుచుకున్నాను గానీ ఆ అరుపుని ఒక్కసారీ తలుచుకోలేదు. అయినా వాళ్ళు తోశారు కదా. వీళ్ళు తొయ్యలేదు కదా. అక్కడికే వచ్చి ఆగిపోతున్నాను.

మొత్తం మీద ఆ ప్రాంతం చూడదగ్గదే. రైలు శుభ్రం, మనుషులు మర్యాదస్తులు, చలి చెప్పనలవి కాదు. కానీ నాలుగు రోజులు చూసి కూడా నేను ఏం చూశానో తేల్చుకోలేకపోయాను. ఇంట్లో దిగగానే అమ్మాయి అడుగుతుంది. అవునో కాదో చెప్పాలి.

మర్నాడు మధ్యాహ్నం, చికాగో ఇంకో రెండు గంటలుందనగా, ఫోను టింగుమంది. రవి పంపిన రికార్డు. వెనక ట్రక్కుల చప్పుడు, ఎక్కడో పెట్రోలు బంకులో నిలబడి మాట్లాడినట్టుంది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"మామయ్యగారూ, కోపం కాదండి. మీ ఎదురుగా చెప్పలేక ఊరుకున్నా. సుజాతకి ఏం చెప్పాలో మీ ఇష్టం, బండి అమ్మెయ్యమన్నా అమ్మేస్తా. కానీ ఒకటి వినండి. పైన స్టక్ అయినప్పుడు నాకంత భయం వెయ్యలేదు. కిందకి చూస్తే నలుగురూ నా వైపే చూస్తున్నారు. స్లోప్ జారినా నలుగురు తవ్వుతారులే అనుకున్నా. ఒక్క సంచి తియ్యడానికే మేం నలుగురం ఎలా అయిపోయామో మీరు చూశారు కదా. అప్పుడు మీరు పార పట్టుకుని బయలుదేరారు. అప్పుడు వేసిందండి భయం. ఇద్దరం మంచు కింద పడితే, ఆ నలుగురూ ముందు ఎవర్ని తవ్వాలి? మామయ్యగార్నే ముందు తియ్యండి అని అరిచాను. హెల్మెట్‌లోంచి ఎవరికీ వినపడలేదు."